ఎస్తేరు మేడం చెప్పిన బరువు సంగతి

తిరుత్తణిలో మా నాన్న నడిపిన ఇనుప సామాన్ల అంగడిని పోయిన నెలలో ఖాళీ చేశాం. తమ్ముడు వ్యాపారం మానేసి చాలాకాలమైంది. గోడల వెంబడి మేకుల డబ్బాలు, గొలుసులు, తుప్పు పట్టిన బొక్కెనలు మాత్రం అలాగే పడి ఉన్నాయి. మూలన ఉన్న ఇరవై కిలోల తూకపురాయిని బయట పెడదామని వంగి, దాని కడియం పట్టుకుని లేపాను. మణికట్టు లాగింది, నడుము పట్టేసింది. చల్లని ఇనుము అరచేతిలో ఒత్తుకుని తుప్పువాసన ముక్కుకెక్కింది. కాట్టుపల్లి ఓడరేవులో ఇంజనీరుగా ఉన్న మా మేనల్లుడు కార్తీక్ పరుగున వచ్చి, నా చేతిలోంచి రాయి అందుకున్నాడు. “వదిలెయ్ అత్తా, నేనెత్తుతా. దీని బరువంతా ఆ దేవుడి కణం చేసిన పనే గదా? ఫోన్‌లో చూసినాను. అది లేకపోతే ఏ వస్తువుకూ బరువే ఉండదంట” అని నవ్వాడు. “ఎవరు చెప్పినారు నీకు?” అన్నాను. ఆ మాట నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. లారీలో సామాన్లు సర్దుతున్న కూలీలు తిరిగి చూశారు. “ఎందుకత్తా అట్లా అరస్తావు? అందరూ అనేదే గదా” అన్నాడు పిల్లవాడు చిన్నబోయి. అందరూ అనేది! ఆ మాట వింటే ఎస్తేరు మేడం చేతిలోని చాక్‌పీసును విసిరికొట్టేది.

ఆమె నాకు తిరువళ్ళూరులో బీఎస్సీ చదివేటప్పుడు ఫిజిక్సు చెప్పింది. ఆ కళాశాల పేరు ఇక్కడ రాయను. అప్పటివాళ్ళు చాలామంది పోయారు, ఇప్పటివాళ్ళకు ఆ సంగతులు తెలియవు. కానీ జరిగినదాన్ని రాయకుండా ఉండను. డెబ్భైల చివర ఒక జూన్ నెల ఉదయం, పొట్టిగా, బక్కగా, గంజి పెట్టిన నూలుచీర కట్టుకుని ఒకామె మా తరగతిలోకి వచ్చింది. హాజరు కూడా తీసుకోకుండా “మాస్ అంటే ఏమి?” అని అడిగింది. మేము లేచి నిలబడి చదివింది అప్పజెప్పాం: వస్తువులో ఉండే పదార్థం మొత్తం. “పదార్థం అంటే?” అంది. ముందు బెంచీ అబ్బాయి ఒకడు ధైర్యం చేసి, “మాస్ ఉండేది మేడం” అన్నాడు. ఆమె డస్టరును బల్ల మీద గట్టిగా పెట్టింది. “అంటే మాస్ అంటే మాస్ ఉండేది. పదకొండేళ్ళు బడికి పోయి మీరు తెచ్చుకున్నది ఇదేనా?” తరగతి బిగుసుకుపోయింది. ఆమె గొంతు తగ్గించింది. “నా కోపం మీ మీద కాదు. దీన్ని జవాబని మీకు చెప్పినవాళ్ళ మీద.” ఆ రోజుదాకా నాకు తెలిసిన పెద్దవాళ్ళందరూ పిల్లల మీదే కోప్పడేవాళ్ళు. పిల్లల తరఫున కోప్పడే మనిషిని చూడడం అదే మొదలు.

ఆమె అరక్కోణం మనిషి. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్, తల్లి మిషన్ ఆసుపత్రిలో ఆయా. మద్రాసులో ఎమ్మెస్సీ మొదటి తరగతిలో ప్యాసై, రెండేళ్ళపాటు పరిశోధన కూడా చేసింది. ప్రోటాను లోపల ఉండే క్వార్కులనే చిన్న కణాలను విడిపోకుండా పట్టి ఉంచే బలం, బలమైన బలం అని దాని పేరు, ఆ బలం మీద ఆమె పని. ఇంతలో పట్టాల మీద జరిగిన ప్రమాదంలో తండ్రికి కాలు పోయింది. ఇల్లు నిలబెట్టే మనిషి కావాలి గనుక పరిశోధన వదిలిపెట్టి మా కళాశాలలో తాత్కాలికపు పనిలో చేరింది. ప్రతి ఏడాదీ వేసవిలో తీసేసి, జూన్‌లో మళ్ళీ వేసుకునే పని అది. ఇవన్నీ నాకు తర్వాత్తర్వాత తెలిశాయి. ఆమె తన కష్టాల గురించి ఎప్పుడూ చెప్పేది కాదు. లోకంలో సరిగ్గా చెప్పకుండా వదిలేసిన సంగతులే ఆమెకు కష్టాలు.

సాయంత్రం తిరుపతి ప్యాసింజరులో ఇద్దరం ఆడవాళ్ళ పెట్టె ఎక్కేవాళ్ళం. ఆమె అరక్కోణంలో దిగేది, నేను తిరుత్తణిదాకా పోయేదాన్ని. తరగతిలో ఇంగ్లీషు, వరండాలో అరవం మాట్లాడే మనిషి రైలెక్కగానే మా ఇంటి తెలుగులోకి దిగేది. ఒకరోజు కడంబత్తూరు దాటాక నేనే అడిగాను, మాస్ అంటే ఏమో మీరన్నా చెప్పండి మేడం అని. ఆమె నావైపు తిరిగి మొదలుపెట్టింది.

“చూడు కస్తూరీ, శూన్యం అంటే ఏమీ లేదని గదా మనం అనుకుంటాం? కాదంట. ఏమీ లేనిచోట కూడా ఒక క్షేత్రం ఉండాది. నీకూ నాకూ నడుమ, నీ లోపల, చుక్కల నడుమ, అంతటా ఒకే తీరుగా ఉండాది. ఎలక్ట్రానుకు దానితో సంబంధం ఉండాది గాబట్టి మాస్ వచ్చింది. వెలుగుకు సంబంధం లేదు, మాస్ లేదు. ఎవరికెంత సంబంధమో వాళ్ళకంత మాస్. హిగ్స్ మెకానిజం అంటారు దీన్ని.”

“అంటే బంకలో నడిచినట్టా మేడం? కాళ్ళు లాగినట్టు?”

“కాదు!” అంది. ఎదుటి బల్ల మీద నిద్రపోతున్న ముసలావిడ ఉలిక్కిపడింది. “బంకయితే నడిచేదాన్ని నిలిపేస్తాది. మాస్ ఉండేది నడుస్తా ఉంటే, ఎవరూ ఆపకపోతే, నడుస్తానే ఉంటాది. దాన్ని కదిలించాలన్నా కష్టం, ఆపాలన్నా కష్టం. అదీ మాస్. సులువుగా ఉండాదని అబద్ధం చెప్పుకోవద్దు.”

“ఆ క్షేత్రాన్ని ఎవరన్నా చూసినారా?”

“లేదు. క్షేత్రం నిజంగా ఉంటే, దాన్ని గట్టిగా కదిలిస్తే ఒక కణం బయటికి రావాల. అది ఇంకా యాడా దొరకలా. దొరకనే దొరకదని తేలితే ఇదంతా చించి పారేయాల్సిందే” అంది. చించి పారేయడం గురించి అంత సంతోషంగా మాట్లాడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మా ఇంట్లో, మా బజారులో, మా గుళ్ళో, మా కళాశాలలో ఎవరూ తాము నమ్మినదాన్ని తప్పయితే పారేస్తామని అనగా వినలేదు.

అసలు సంగతి ఆమె మరోరోజు చెప్పింది. తిరువాలంగాడులో ఒకామె పెద్ద గుండా గిన్నెలో వేడి శుండలు, అంటే ఉడికించిన సెనగలు, పెట్టుకుని పెట్టెలోకి ఎక్కింది. ఆవిరి పొగలు కక్కుతున్న ఆ గుండాను చూపించి మేడం నాతో అంది: “ఇది ఇప్పుడు తూస్తే ఒక బరువు. ఒక్క గింజ తీయకుండా, మూత బిగించి చల్లార్చి తూస్తే ఒక రవ్వ తక్కువ బరువు. తెలుసునా?” శుండలామెకు కోపమొచ్చింది. “ఎన్నమ్మా, నా శుండలు తూకం తక్కువని అంటా ఉండావా?” అని మీదికొచ్చింది. “నీది కాదు తల్లీ, లోకంలో అన్నిటి సంగతీ చెప్తా ఉండా” అని మేడం ఆమెను బుజ్జగించి, రెండు పొట్లాలు కొని, మళ్ళీ నావైపు తిరిగింది. వేడి అంటే లోపలి గింజలూ నీళ్ళూ తొక్కిసలాడుతున్న శక్తి. మూసి ఉన్నచోట శక్తి ఉంటే దానికీ మాస్ ఉంటుంది. గుండా విషయంలో అది ఏ తక్కెడకూ అందనంత స్వల్పం. ప్రోటానులో అయితే దాదాపు అంతా అదే.

“ప్రోటానులో మూడు క్వార్కులు ఉండాయి గదా. హిగ్స్ క్షేత్రం ఇచ్చిన మాసులు మూడూ కూడితే ప్రోటాను మాసులో నూటికొకటి. తక్కింది యాడినుంచి వచ్చింది? క్వార్కులు లోపల నిలవకుండా పరుగెత్తుతా ఉంటాయి. బలమైన బలం వాటిని బయటికి పోనీదు. దూరం పోయేకొద్దీ వదలదు, ఇంకా పట్టుకుంటాది. ఆ పరుగూ ఆ పట్టూ, అదంతా శక్తి. ఆ శక్తే మాస్. నువ్వూ నేనూ ఈ రైలూ, మన బరువులో చానా భాగం అదే. అర్థమైందా? హిగ్స్ లేకుంటే ఎలక్ట్రాను ఒకచోట నిలవదు, పరమాణువే లేదు. దాని గొప్ప దానిదే. కానీ నీ బరువంతా అదే ఇచ్చిందని ఎవడన్నా చెప్తే, కనుక్కొని చెప్పు అని అడుగు.”

నాకు ఆ రోజు అన్నీ అర్థం కాలేదు. అయినా రైలు అరక్కోణంలో ఆగి ఆమె దిగిపోయాక, తిరుత్తణి వచ్చేదాకా నా చేతుల్ని నేనే చూసుకుంటూ కూర్చున్నాను. మా నాన్న రోజంతా బరువులు తూచి అమ్మే మనిషి. బరువు ఎక్కడినుంచి వచ్చిందని మా ఇంట్లో ఒక్కరూ, ఒక్కసారీ అడగలేదు. అంగడిలో మేకులు తూస్తున్న నాన్నతో ఆ రాత్రి చెప్పబోతే, “అదంతా మనకెందుకు పాపా, లోపలికి పో” అన్నాడు.

రెండో ఏడాది సైన్సు సంఘం వార్షికోత్సవం జరిగింది. కళాశాల కమిటీలోని పెద్దమనిషి ఒకాయన ముఖ్య అతిథి. ఊళ్ళో రెండు బియ్యపు మిల్లులు ఉన్నవాడు. విద్యార్థులమంతా పట్టుబట్టి ఎస్తేరు మేడం పేరును కార్యక్రమంలో వేయించాం. పదినిమిషాలు ఇచ్చారు. ఆమె బరువు పుట్టుక గురించి అరవంలో, అందరికీ తెలిసే మాటల్లో చెప్పింది. మాతో వచ్చిన అమ్మానాన్నలు కూడా మెడలు చాచి విన్నారు. ఆమె ప్రోటాను లోపలికి వచ్చేసరికి మా శాఖ పెద్దసారు కుర్చీలోంచే “ఇదేదీ సిలబస్‌లో లేదు, ఇంకా రుజువు కూడా కాలేదు, పత్రికల్లో చదివినది” అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి, “రుజువు కాని భాగం ఏదో, అయిన భాగం ఏదో విడదీసి చెప్తున్నాను సార్. మీకు సందేహం ఉన్న వాక్యం ఏదో చెప్పండి” అంది. అప్పుడు ముఖ్య అతిథి మైకు లాక్కుని, ఇందులో కొత్తేముంది, రూపం లేనిది రూపం ధరించడం మన పెద్దలు ఎప్పుడో రాసిపెట్టారు, తెల్లవాళ్ళు ఇప్పుడు కాపీ కొడుతున్నారు అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆమె చప్పట్లు ఆగేదాకా నిలబడి అడిగింది: “ఎలక్ట్రాను మాస్ ఎంతని రాసినారు సార్?”

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మేము నవ్విన ఆ నవ్వుకు మూల్యం ఆమె చెల్లించింది. ముఖ్య అతిథి మొహం నల్లబడింది. వందన సమర్పణలో ఆమె పేరు తప్ప అందరి పేర్లూ చదివారు. మరునాడు వరండాలో పెద్దసారు ఇంకో లెక్చరరుతో అంటున్న మాట నా చెవులారా విన్నాను. “గ్యాంగ్‌మన్ కూతురికి లోకం బరువు సంగతి ఎందుకయ్యా?” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పక్కనే ప్రయోగశాల తలుపు తెరిచి ఉంది, లోపల ఆమె మాకు లోలకం అమర్చి చూపిస్తోంది. ఆమె విన్నది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత “దారం పొడవు సరిగ్గా కొలవండి, తొందర వద్దు” అంది మాతో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రెండు వాక్యాలు నాకు పక్కపక్కనే వినిపిస్తాయి.

నేను మూడో ఏడాదిలో ఉండగా శాశ్వతమైన ఉద్యోగం ఒకటి పడింది. ఆమెకన్నా అర్హత ఉన్నవాళ్ళు ఎవరూ రాలేదు. ఇంటర్వ్యూలో ఆమెను ఫిజిక్సు అడగలేదు. పెళ్ళెప్పుడు చేసుకుంటావు, మీ వాళ్ళకు వేరే కోటాలు ఉన్నాయి కదా, ఇక్కడే ఎందుకు అని అడిగారు. ఉద్యోగం పెద్దసారు బంధువుకిచ్చారు. అతను మాకు పాఠం చెప్పడానికి వచ్చిన రోజు గైడు పుస్తకం చేతిలో పట్టుకుని వచ్చాడు. ఎస్తేరు మేడంకు చెప్పిన కారణం: సిలబస్‌కు కట్టుబడి ఉండదు. సిలబస్ మొత్తం ఫిబ్రవరికల్లా ముగించి, మిగతా రోజుల్లో ప్రతి లెక్కనూ మాతో రెండోసారి చేయించిన మనిషి గురించి ఆ మాట రాశారు. మేము ప్రిన్సిపాలు గది ముందు నిలబడ్డాం. ఆయన మా ఇళ్ళకు కబురు పెడతానన్నాడు. ఆడపిల్లలం ముందు వెనక్కి తగ్గాం, తర్వాత మగపిల్లలు తగ్గారు. అంతే, అయిపోయింది. ఇలాంటివి ఎంత తొందరగా అయిపోతాయో తలుచుకుంటే నాకిప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

కొత్తాయన రావడంతో ఆమె తాత్కాలికపు పని కూడా పోయింది, కళాశాలలో ఆమె చివరి వారం అది. ఆదివారం మధ్యాహ్నం మా అంగడి ముందుకు వచ్చి నిలబడింది. నన్ను ఎమ్మెస్సీకి పంపరనీ, మా మేనత్త కొడుకుతో పెళ్ళి మాట్లాడుతున్నారనీ నేనే రైల్లో చెప్పి ఏడ్చాను. తన ఉద్యోగం పోయిన వారంలో ఆమె నా చదువు గురించి మాట్లాడడానికి తిరుత్తణి దాకా వచ్చింది. నాన్న మర్యాదగానే లేచాడు. అంగడి అరుగు మీద స్టూలు వేయించాడు. ఆమె ఏ ఊరు, ఎవరమ్మాయి అన్నది ఆయనకు ముందే తెలుసు. పక్క కొట్టుకు కేకేసి, “టీచరమ్మకు గోలీసోడా ఒకటి తీసుకురా” అన్నాడు. చూసేవాళ్ళకు అది గౌరవంలా ఉంటుంది. మా ఇంట్లో పెరిగిన నాకు తెలుసు, లోపలి గ్లాసు ఎవరికి ఇవ్వకూడదో వాళ్ళకే సోడా వస్తుంది.

ఆమెకూ తెలుసు. సోడా తెచ్చిన మనిషికి చెయ్యి అడ్డం పెట్టి, “సోడా వద్దు శెట్టిగారూ. ఎండలో వచ్చినాను. మీ ఇంట్లోనుంచి మంచినీళ్ళు ఇప్పించండి” అంది.

నాన్న తక్కెడ పళ్ళాన్ని తుడుస్తూ నిలబడ్డాడు. అంగడి వెనకే మా ఇల్లు. గడప దగ్గర అమ్మ కూడా కదల్లేదు. నేను లోపలికి పోయి, మేము రోజూ తాగే ఇత్తడి చెంబులో నీళ్ళు ముంచి, నాన్న గ్లాసే తీసుకుని వచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె గ్లాసు పెదవులకు ఆనించి తాగింది, ఎత్తి పోసుకోలేదు. తాగి, “ఇంకొక గ్లాసు పొయ్యి” అంది. పోశాను.

అప్పుడు ఆమె నాన్నతో మాట్లాడింది. “ఈ పిల్ల బుర్ర మంచిది. మూడేళ్ళలో నాకు ఇట్లాంటి పిల్ల ఒకతే దొరికింది. పెళ్ళి ఎప్పుడైనా చేయొచ్చు. చదువుకు ఈడు దాటిపోతే మళ్ళీ రాదు. నేను చెప్పాల్సింది చెప్పినాను.”

“మీ వాళ్ళల్లో ఆడపిల్లలు ఉద్యోగం చేస్తే జరుగుతాదమ్మా. మా ఇళ్ళల్లో అట్లా లేదు” అన్నాడు నాన్న.

“మా వాళ్ళల్లో కూడా జరగలేదు. నేను చేసినాను, అంతే” అని ఆమె లేచింది. మెట్లు దిగి, వెనక్కి తిరిగి నాతో, “నువ్వు ఏడవద్దు. ఏడిస్తే వాళ్ళకు సులువు. కోపంగా ఉండు” అంది.

ఆ సాయంత్రమే నాన్న ఆ గ్లాసును పాత ఇత్తడి కుప్పలోకి విసిరేశాడు. నేను చూస్తూ ఉండగానే విసిరాడు. నాన్న చెడ్డవాడు కాదని తమ్ముడు ఇప్పటికీ అంటాడు. పండగకు పనివాళ్ళకు బట్టలు పెట్టేవాడు, ఎవరికి జబ్బు చేసినా పరుగెత్తేవాడు, నిజమే. ఆ గ్లాసు కూడా నిజమే. నేను ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడడం మానేశాను. పెళ్ళిచూపులకు వచ్చిన మేనత్త ముందు, నాకు ఇష్టం లేదని పైకే చెప్పాను. పిల్ల నోరుగలది, మనకు వద్దు అని వాళ్ళే వెళ్ళిపోయారు. “పో, నీ ఇష్టమొచ్చినట్టు చదువుకో, నా ఎదురుగా నిలబడొద్దు” అని నాన్న అరిచాడు. అలా నేను మద్రాసు వెళ్ళాను. ఎవరూ దీవించి పంపలేదు. ఇప్పటికీ కొందరు, మీ నాన్నగారు ఆ రోజుల్లోనే ఆడపిల్లను చదివించారే అని మెచ్చుకుంటారు. నేను సరిదిద్దుతాను. సభలోనైనా సరిదిద్దుతాను.

మేడం ఆర్.కె.పేటలో ఒక చిన్న బడిలో చేరింది. ఆరో తరగతికి సైన్సు, ఏడో తరగతికి లెక్కలు. నేను ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగా ఐరోపాలో బలహీనమైన బలం అనే మరో బలాన్ని మోసే కణాలు దొరికాయని వార్త వచ్చింది. హిగ్స్ మెకానిజం నిజమైతే అవి ఇంత బరువు ఉండాలని ముందే లెక్క కట్టి ఉన్న కణాలు అవి. నేను ఆగలేక తిరుత్తణి వచ్చి, టౌను బస్సెక్కి ఆర్.కె.పేటకు పోయాను. మగ్గాల చప్పుడు వినబడే వీధిలో రేకుల కప్పు బడి. ఆమె వరండాలో పిల్లల చేత రకరకాల ఆకులు గోడకు అంటింపజేస్తోంది. కాస్త చిక్కింది, కళ్ళద్దాలు వచ్చాయి. నేను సంగతి చెప్పగానే నిలబడిపోయి, మొట్టమొదట అడిగింది ఒకటే. “మాస్ ఎంత వచ్చింది?”

చెప్పాను. ప్రోటానుకు సుమారు ఎనభై అయిదు, తొంభై అయిదు రెట్లు. ఆమె పెదవులు కదిలాయి, మనసులోనే ఏదో గుణించుకుంది. “సరిపోయింది” అంది. మళ్ళీ, “సరిపోయింది కస్తూరీ, లెక్కకు సరిపోయింది!” అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. పిల్లలు మమ్మల్ని చూసి, ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వింది. అంత బాగా నవ్వగలదని నాకు తెలియదు. తర్వాత ఆ నవ్వు ఎక్కడో ఆగిపోయింది. గోడ మీది ఆకుల్ని చూసింది. “లోకంలో ఈ పని జరగతా ఉండాది. నేను ఈడ వేపాకుకూ చింతాకుకూ తేడా చెప్తా ఉండా” అంది. పిల్లలకు వినబడకుండా పళ్ళ బిగువున అంది. పిల్లల్ని తక్కువ చేసిన మాట కాదది. ఆ పిల్లలకు ఆకుల గురించి చెప్పినా, అబద్ధం లేకుండా చెప్తుందని నాకు తెలుసు. ఆమె నుంచి లాక్కున్నది ఏమిటో ఆమెకు అంకెలతో సహా తెలుసు, అదీ ఆ మాటకు అర్థం. “మేడం, మళ్ళీ పరిశోధనకు రాసుకోండి” అన్నాను. “ఈడు దాటిపోయింది” అంది. బస్సుస్టాండు దాకా వచ్చి, నేను బస్సెక్కాక కిటికీ దగ్గర నిలబడి, “ప్రోటాను సంగతి మాత్రం వదలొద్దు. ఇంక ఆ కణం ఒకటి దొరికితే అందరూ దాని పాటే పాడతారు చూడు” అంది.

ఎనభైల చివర్లో కామెర్లు వచ్చి ఆమె పోయింది. నేను అప్పటికి మధురై దగ్గర ఒక కళాశాలలో పనిచేస్తున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది? అయిదారు నెలల తర్వాత సెలవులకు వచ్చి బడికి పోతే, కొత్త టీచరు ఒకామె, “వారా? వారు ఇప్పుడు లేరే” అంది, ఊరు మారిన మనిషి గురించి చెప్పినట్టు. అరక్కోణంలో వాళ్ళమ్మ నన్ను చూసి, “నీ పేరు చెప్తా ఉండేది పాపా” అని మాత్రం అంది. ఆ ఇంటి గడప మీద కూర్చుని నేను ఏడ్చాను. ఏడవద్దని ఆమె చెప్పిన మాట అప్పుడు పాటించలేకపోయాను.

చివరికి ఆ హిగ్స్ కణమూ దొరికింది, కార్తీక్ దేవుడి కణం అన్నది దాన్నే. ఆమె చెప్పినట్టే అందరూ దాని పాటే పాడారు. తెలుగు పేపరు, అరవ పేపరు, టీవీ, అన్నీ ఒకటే మాట: విశ్వంలోని సమస్తానికీ బరువునిచ్చిన కణం. నేను పేపర్లకు ఉత్తరాలు రాశాను, ఒక్కటీ వేయలేదు. ఒక విలేఖరి ఫోన్‌లో, “మేడం, నూటికొకటి అంటే పాఠకులకు ఉత్సాహం ఉండదండీ” అన్నాడు. నేను ఫోను పెట్టేసి చాలాసేపు గదిలో తిరిగాను. తప్పు రాయడం వాళ్ళకు చిన్న సంగతి. నాకు అట్లా కాదు. సరిగ్గా చెప్పినందుకే ఒక మనిషి బతుకును కత్తిరించారు. అదే సంగతిని తప్పుగా చెప్పినవాళ్ళకు మాత్రం ఏమీ కాలేదు.

రెండేళ్ళ కిందట తిరువళ్ళూరు కళాశాలవాళ్ళు ఉత్సవం చేసుకుంటూ ఒక సంచిక వేశారు. పూర్వ విద్యార్థినిగా మీ గురువుల గురించి రాయండి అని అడిగారు. ఇక్కడ రాసినవన్నీ రాశాను, సోడా సంగతి తప్ప. అది మా ఇంటి మురికి గనుక అక్కడ పెట్టలేదు. పుస్తకం వచ్చింది. మొదటి పేజీల్లో పెద్దసారు ఫోటో దండతో ఉంది. నా వ్యాసం ఒకటిన్నర పేజీకి కుదించారు. ఉద్యోగం సంగతి లేదు, సభ సంగతి లేదు. “ప్రేమతో పాఠాలు చెప్పిన ఒక తాత్కాలిక అధ్యాపకురాలు” అని ఉంది. పేరు కూడా లేదు. సంపాదకుడు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఫోన్ చేస్తే, “శుభకార్యం కదా మేడం, అందుకని కాస్త మెత్తగా చేశాం. ఎప్పటి సంగతులో, ఇప్పుడు కోపమెందుకు?” అన్నాడు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మా తమ్ముడు, నా సహోద్యోగులు, నా విద్యార్థులు కూడా. వయసు మీద పడ్డాక అన్నిటినీ క్షమించి కూర్చోవాలని ఎవరు పెట్టిన నియమమో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. అర్థం కాని పిల్లవాడి మీద ఒక్కనాడూ కోప్పడలేదు. అర్థమైనట్టు నటించే పెద్దవాళ్ళను ఒక్కనాడూ వదల్లేదు. నియామకాల కమిటీల్లో కూర్చున్న ప్రతిసారీ, ఎవరైనా అభ్యర్థిని ఊరూ కులమూ పెళ్ళీ అడగబోతే, ఫిజిక్సు అడగండి అని బల్ల మీద చెయ్యి వేశాను. అందుకు నాకు మంచి పేరు రాలేదు. ఇద్దరికి, అంతకన్నా ఎక్కువమందికి కావచ్చు, ఉద్యోగాలు మాత్రం వచ్చాయి. ఆమె నాకు ఇచ్చి వెళ్ళింది ప్రేమ కాదని అనను. కానీ అది కోపం రూపంలోనే నా చేతికి వచ్చింది, ఆ రూపంలోనే నేను దాన్ని దాచుకున్నాను. దాన్ని మెత్తగా చేసే హక్కు ఆ కుర్రవాడికి లేదు, నాకూ లేదు.

ఆ సంచికలో రాయని పేరు ఇక్కడ రాస్తున్నాను. కె. ఎస్తేరు రాణి, ఎమ్మెస్సీ. అరక్కోణం గ్యాంగ్‌మన్ కొండయ్య కూతురు. మాకు ఫిజిక్సు చెప్పింది.